ట్రింకోమలీ: సముద్రం వైపు నుంచి ఎవరూ గెలవని రేవు

మొదటి రోజు: స్వామి కొండ

కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో రాత్రి ఎక్కిన రైలు, తెల్లవారేసరికి గల్ ఓయ జంక్షన్ దాటి అడవిలో నెమ్మదిగా పోతోంది. బట్టికలోవా లైను, ట్రింకోమలీ లైను విడిపోయేది ఆ జంక్షన్ దగ్గరే. సీటులో కూర్చునే పడుకోవడంతో నా మెడ పట్టేసింది. మావయ్య మాత్రం కిటికీ పక్కన హాయిగా కూర్చుని టీ తాగుతున్నారు. ఆయన విశాఖ పోర్టులో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. పైలట్ అంటే విమానం నడిపేవాడు కాదు, బయట సముద్రంలో ఓడ ఎక్కి దాన్ని జాగ్రత్తగా రేవులోకి తెచ్చి కట్టించేవాడు. ఈ ప్రయాణం ఆయన పట్టుదలే. "ప్రపంచంలో గొప్ప రేవు అంటారు అల్లుడూ, ఎందుకంటారో ఒకసారి కళ్లతో చూడాలి" అని ఏడాదిగా చెబుతూ వచ్చారు.

ట్రింకోమలీ స్టేషన్‌తో పట్టాలు అయిపోతాయి. తమిళులు దీన్ని తిరుకోణమలై అంటారు. గదిలో సంచులు పడేసి, ఇడియాప్పం, పోల్ సంబోల్ తిని ఫోర్ట్ ఫ్రెడరిక్‌కు నడిచాం. కోట ద్వారం దాటగానే చుక్కల జింకలు మనుషుల్ని పట్టించుకోకుండా చెట్ల కింద మేస్తున్నాయి. లోపల ఇప్పటికీ సైన్యం ఉంది, అయినా గుడికి వెళ్లేవాళ్లను ఆపరు. దారి పైకి పోయి పోయి స్వామి కొండ మీద కోణేశ్వరం గుడి దగ్గర ఆగుతుంది. గుడి పక్కన కొండ నిలువునా చీలినట్టుంటుంది. దానికి రావణ వెట్టు అని పేరు. రావణుడు కత్తితో నరికిన చోటని ఇక్కడివాళ్ల నమ్మకం.

పాత గుడి ఇది కాదు. పోర్చుగీసువాళ్లు 1622లో దాన్ని కూల్చి, ఆ రాళ్లతోనే కింద కోట కట్టుకున్నారు. కొన్ని రాళ్లు, స్తంభాలు సముద్రంలో పడ్డాయి. 1956లో రచయిత ఆర్థర్ సి. క్లార్క్, ఆయన మిత్రుడు మైక్ విల్సన్ ఈ కొండ పాదం దగ్గర నీళ్లలోకి దిగి శిథిలాలను, ఒక శివలింగాన్ని చూశారు. అది ఇప్పుడు గుళ్లో ఉంది. గుడిని పగలగొట్టి కోట కట్టేంత అవసరం ఏమొచ్చిందో కొండ అంచున నిలబడితే అర్థమవుతుంది.

కొండ తూర్పుకు సముద్రంలోకి పొడుచుకొచ్చింది. ఎడమ చేతి వైపు బ్యాక్ బే. ఈశాన్య రుతుపవనం మొదలైతే అక్కడ అలలు ఓడల్ని నిలవనివ్వవు. కుడి వైపు ఊరిని ఆనుకుని డచ్ బే. ఇంకా దక్షిణంగా మరో గుట్టల వరుస, దాని కొసన ఓస్టెన్‌బర్గ్ కోట. ఆ గుట్టల వెనక దాక్కుని ఉంది లోపలి రేవు. వాటికి అవతల తూర్పుకు తెరుచుకున్న పెద్ద అఖాతం కొట్టియార్ బే. లోపలి రేవుకు పోవాలంటే ముందు కొట్టియార్‌లోకి వచ్చి, ఓస్టెన్‌బర్గ్ కొసను చుట్టి, ఉత్తరానికి తిరిగి, సన్నటి దారిలో దూరాలి. తిరిగితే మాత్రం చుట్టూ గుట్టలూ దీవులూ అడ్డుపడి, ఏ రుతువులో ఏ దిక్కు గాలి వచ్చినా ఓడకు బెదురు లేదు.

మావయ్యకు నచ్చింది లోతు. శ్రీలంకలో అన్నిటికన్నా పొడవైన నది మహావెలి, 335 కిలోమీటర్లు పారి ఈ కొట్టియార్‌లోనే కలుస్తుంది. అంత నది కలిసే చోట మామూలుగా ఒండ్రు పేరుకుని రేవు పూడిపోవాలి. ఇక్కడ అఖాతం నేలలోనే ఒక జలాంతర లోయ మొదలై, బయటి సముద్రంలో మూడు వేల మీటర్లకు పైగా లోతుకు దిగిపోతుంది. నీళ్ల కింద ఉన్న కొండలోయ అనుకోవచ్చు. పెద్ద ఓడలు ఒడ్డుకు ఇంత దగ్గరగా రాగలిగేది ఈ లోతు వల్లే. "మన విశాఖలో డాల్ఫిన్స్ నోస్ అండ ఉన్నా, లోపలి రేవంతా తవ్వుకున్నదే. డ్రెడ్జర్ ఆగితే ఓడ ఆగుతుంది. వీళ్లకు ఆ టెన్షన్ లేదు" అన్నారు కొంచెం అసూయగా.

రెండో రోజు: గాలి లెక్క

పొద్దున్నే తిమింగలాలు చూపించే పడవ ఎక్కాం. ఆ లోయ పుణ్యమా అని నీలి తిమింగలాలు ఈ తీరానికి చాలా దగ్గరగా తిరుగుతాయి. మాకు దూరంగా ఒక నీటి చిమ్ము కనిపించింది, అంతే. నాకు ఎక్కువ పనికొచ్చింది తిరుగు ప్రయాణం. సముద్రంలోంచి చూస్తే స్వామి కొండ నిలువు గోడలా కనిపించింది కానీ, లోపలి రేవు ఉందన్న ఆనవాలే లేదు. గుట్టలు ఒకదాని మీద ఒకటి పడి దారిని మూసేశాయి. మ్యాపు చేతిలో ఉన్న నాకే అది ఎక్కడుందో తేల్చుకోవడానికి కాసేపు పట్టింది.

ఓస్టెన్‌బర్గ్ ఉన్న గుట్ట శ్రీలంక నౌకాదళం చేతిలో ఉంది. అక్కడి హుడ్స్ టవర్ మ్యూజియం చూడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. మేం తీసుకోలేదు. ఊళ్లో డచ్ బే పక్కన, డచ్చివాళ్ల కాలపు పెద్ద బంగళాను బాగుచేసి పెట్టిన సముద్ర చరిత్ర మ్యూజియంతో సరిపెట్టుకున్నాం. మందపాటి గోడలు, ఎత్తైన వరండాలు. మధ్యాహ్నం ఎండలో అక్కడే కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఈ రేవు కోసం అన్ని దేశాలు ఎందుకు కొట్టుకున్నాయన్నదానికి జవాబు ఇక్కడ లేదు, మన కోరమాండల్ తీరంలో ఉంది. తెరచాపల కాలంలో మద్రాసుకు రేవు లేదు. పాండిచ్చేరికీ లేదు, మచిలీపట్నంలో పెద్ద యుద్ధనౌకకు చోటు లేదు. ఓడలు నడిసముద్రంలో లంగరు వేసి నిలబడాలి, సరుకు మసూలా పడవల్లో దించాలి. అక్టోబరు వచ్చిందంటే ఈశాన్య గాలి, తుఫానులు. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు. ఆ అక్టోబరులోనే వాళ్ల ఓడలు అక్కడే తుఫానులో చిక్కి ధ్వంసమయ్యాయి. అందుకే బ్రిటిష్ నౌకాదళం ఏటా వానాకాలానికి బొంబాయికి పారిపోయేది, ఫ్రెంచి దళం మారిషస్‌కు. వెళ్లి రావడానికి నెలలు. ఆ నెలల్లో తీరం మీద ఎవరి ఓడలుంటే వాళ్లదే పైచేయి. ట్రింకోమలీ చేతిలో ఉన్నవాడు ఈ పక్కనే ఆగిపోవచ్చు. అంతటి గొడవకూ మూలం ఇదే.

1782లో ఈ లెక్క ఒక్క ఏడాదిలో రెండుసార్లు తిరగబడింది. జనవరిలో అడ్మిరల్ ఎడ్వర్డ్ హ్యూస్ బ్రిటిష్ ఓడలతో వచ్చి, సైనికుల్ని ఒడ్డుకు దించాడు. కింది కోట పెద్దగా ఎదిరించకుండానే లొంగిపోయింది. 11న ఓస్టెన్‌బర్గ్ మీదికి నేల వైపు నుంచి ఎక్కి డచ్చివాళ్ల దగ్గర లాక్కున్నారు. ఆగస్టు చివర్లో ఫ్రెంచి అడ్మిరల్ సఫ్రెన్ కూడా అదే పని చేశాడు: సైన్యాన్ని దించాడు, ఫిరంగులు పెట్టాడు, కొద్దిరోజుల్లోనే కోటలు తీసుకున్నాడు. మద్రాసు నుంచి ఆలస్యంగా బయల్దేరిన హ్యూస్ సెప్టెంబరు 2న వచ్చి చూస్తే కోటల మీద ఫ్రెంచి జెండా ఎగురుతోంది.

మర్నాడు బయట సముద్రంలో యుద్ధం జరిగింది. సఫ్రెన్‌కు 14 పెద్ద ఓడలు, హ్యూస్‌కు 12. లెక్క ప్రకారం ఫ్రెంచివాళ్లే గెలవాలి. కానీ సఫ్రెన్ వరుస చెదిరిపోయింది. మధ్యలో ఆయన ఓడ 'ఎరో'తో పాటు రెండు ఓడలే దగ్గరగా పోయి దెబ్బలన్నీ తిన్నాయి, మిగతావి సరిగ్గా అందుకోలేదు. 'ఎరో' పెద్ద తెరచాప స్తంభం విరిగి, దాంతో పాటే జెండా పడిపోయింది. లొంగిపోయాడనుకుంటారని సఫ్రెన్ కేకలేసి మళ్లీ జెండాలు ఎత్తించాడు. సాయంత్రం గాలి మారింది, చీకటి పడింది, ఎవరూ గెలవలేదు. హ్యూస్ మద్రాసుకు, అక్కడి నుంచి వానాకాలానికి బొంబాయికి పోయాడు. సంధి కుదిరాక రేవు మళ్లీ డచ్చివాళ్లకే ఇచ్చేశారు. 1795లో బ్రిటిష్‌వాళ్లు మూడోసారి అదే పాఠం అప్పజెప్పారు. ఈసారి ఓడలు అడ్మిరల్ రేనియర్‌వి, ఒడ్డుకు దిగిన సైన్యం కల్నల్ స్టువర్ట్‌ది.

నాకు ఇందులో విచిత్రంగా తోచింది ఒకటుంది. కోటల ఫిరంగులన్నీ చూసేది నీళ్ల వైపు. ఊరు పట్టుబడింది ప్రతిసారీ వీపు వైపు నుంచి. ఆ మాటంటే మావయ్య ఒప్పుకోలేదు. "నీళ్ల వైపు ఫిరంగులు ఉన్నాయి కాబట్టే వీపు వైపు వచ్చారు కదా! ఆ ఫిరంగులు వాటి పని అవి చేశాయి." అదీ నిజమే. 1795 దాడికి వచ్చిన బ్రిటిష్ యుద్ధనౌక 'డయోమీడ్'ను ముంచింది కూడా శత్రువు కాదు, ఇక్కడి నీళ్లలో కనపడని ఒక బండ.

మూడో రోజు: చైనా బే

ఊరి నుంచి ఆటోలో లోపలి రేవు అంచునే చుట్టి చైనా బేకు వెళ్లాం. పేరుకు చైనాతో ఇప్పుడు సంబంధమేమీ కనపడదు. విమానాశ్రయం, పిండిమిల్లు, సిమెంటు ఫ్యాక్టరీ, వాటి వెనక అడవి. ఆ అడవిలోనే బ్రిటిష్ నౌకాదళం రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన చమురు ట్యాంకులున్నాయి. ఇప్పుడు లెక్కకొచ్చేవి 99. చాలావాటిని తీగలూ చెట్లూ కమ్మేశాయి. రోడ్డు మీద నుంచి కొన్ని తుప్పు రంగు కప్పులు చెట్ల మధ్య కనిపించాయి.

మావయ్యకు 1942 ఏప్రిల్ చిన్నప్పటి నుంచి విన్న కథ. ఆ నెల 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. వాళ్లమ్మగారు అప్పటికి చిన్నపిల్ల. ఊరంతా మూటలు కట్టుకుని పల్లెలకు పోయిందట. అవి అడ్మిరల్ ఒజావా దళంలోని చిన్న విమానవాహక నౌక 'ర్యూజో' నుంచి వచ్చినవి. అదే వారం దానికి దక్షిణాన అసలు దెబ్బ తయారవుతోంది. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన అడ్మిరల్ నగుమో, 'అకాగి', 'హిర్యూ', 'సోర్యూ', 'షోకాకు', 'జుయికాకు' అనే ఐదు విమానవాహక నౌకలతో సిలోన్ వైపు వచ్చాడు. ఏప్రిల్ 4న కెనడా పైలట్ లియొనార్డ్ బర్చల్ నడిపిన కాటలీనా విమానం ఆ దళాన్ని చూసి, కబురు పంపుతూనే కూలిపోయింది. ఆ కబురు వల్ల 5న, ఈస్టర్ ఆదివారం, కొలంబో కొంత సిద్ధంగా ఉంది. అయినా 'కార్న్‌వాల్', 'డోర్సెట్‌షైర్' అనే రెండు క్రూజర్లు సముద్రంలో మునిగాయి.

8న మరో కాటలీనా నగుమోను చూసింది. ఈసారి గురి ట్రింకోమలీ అని తెలిసిపోయింది. రాత్రికి రాత్రి రేవు ఖాళీ చేయమన్నారు. కదలగలిగిన ఓడలు దక్షిణంగా వెళ్లిపోయాయి. 9 పొద్దున చైనా బే నుంచి బ్రిటిష్ హరికేన్ యుద్ధవిమానాలు లేచి ఎదిరించాయి, వాటిలో చాలా కూలిపోయాయి. డాక్‌యార్డు మీద, ఎయిర్‌ఫీల్డు మీద బాంబులు పడ్డాయి. రేవులో ఉండిపోయిన 'సగాయింగ్' అనే సరుకు ఓడ కాలిపోయింది, తర్వాత దాన్ని అక్కడే ముంచేశారు. ఆ ఓడ అక్కడే డెబ్బై అయిదేళ్లు పడి ఉంది. 2018లో శ్రీలంక నౌకాదళం దాన్ని నీళ్లపైకి తేల్చి బయటికి లాక్కెళ్లింది. బ్రిటిష్‌వాళ్లు ఎదురుదాడికి తొమ్మిది బ్లెన్‌హైమ్ బాంబర్లను పంపారు. అవి నగుమో నౌకల్ని కనుక్కున్నాయి, బాంబులూ వేశాయి, ఒక్కటీ తగల్లేదు.

జపాన్ విమానం ఒకటి 91వ నంబరు ట్యాంకు మీద కూలి, ఆ చమురు రోజుల తరబడి తగలబడింది. పైలట్ కావాలనే దూసుకొచ్చాడని ఇక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. మా ఆటో డ్రైవరు చేత్తో విమానం చేసి మరీ చూపించాడు. "ట్యాంకులు అన్ని ఉన్నాయి, దెబ్బ తగిలిన విమానం ఎక్కడ పడినా ఏదో ఒకదాని మీద పడుతుంది" అన్నారు మావయ్య తెలుగులో, డ్రైవరుకు అర్థం కాకుండా.

ఆ దాడి తర్వాత బ్రిటిష్ తూర్పు నౌకాదళం ఆఫ్రికా తీరంలోని కిలిండినీకి వెళ్లిపోయింది. గాలికి ఇంత భద్రమైన రేవు, పైనుంచి వచ్చే బాంబుకు అంత తేలికగా దొరికింది. చుట్టూ గుట్టలున్నా నెత్తిన కప్పు లేదు కదా. మళ్లీ 1944లో ఓడలు తిరిగొచ్చాయి. ఆ ఏప్రిల్‌లో ఇక్కడి నుంచే అమెరికా 'సారటోగా', బ్రిటన్ 'ఇలస్ట్రియస్' కలిసి సుమత్రా దగ్గరి సబాంగ్ మీద దాడికి బయల్దేరాయి. తోడుగా ఫ్రెంచి 'రిషల్యూ' కూడా ఉంది. సఫ్రెన్, హ్యూస్ కొట్టుకున్న నీళ్లలో ఆ రెండు దేశాల ఓడలూ ఒకే వరుసలో పోయాయన్నమాట. ఆ ఏడాది ఆగస్టు 8న 'వాలియంట్' అనే యుద్ధనౌకను రిపేరుకు ఎక్కించిన తేలే డాక్, రేవు మధ్యలోనే విరిగి మునిగిపోయింది. ఓడ ఎలాగో బతికింది కానీ అడుగు భాగం బాగా దెబ్బతింది. ఈ సంగతి చెప్పినప్పుడు మావయ్య ముఖం చూడాలి. బాంబు దాడి కథకన్నా ఇదే ఆయన్ని ఎక్కువ కదిలించింది. "డాక్‌లో నీళ్లు ఏ ట్యాంకులోంచి ముందు తోడాలన్నదే అసలు విద్య. అక్కడ తప్పితే ఇక దేవుడే దిక్కు."

బ్రిటిష్‌వాళ్లు 1957లో ఈ స్థావరం ఒప్పగించి వెళ్లారు. ట్యాంకుల కథ మాత్రం ముగియలేదు. 1987 భారత్–శ్రీలంక ఒప్పందంతో పాటు రాసుకున్న ఉత్తరాల్లోనూ వాటి ప్రస్తావన ఉంది. 2022 జనవరిలో కుదిరిన ఏర్పాటు ప్రకారం 14 మన ఇండియన్ ఆయిల్ అనుబంధ సంస్థ లంక ఐఓసీకి, 24 శ్రీలంక ప్రభుత్వ సిలోన్ పెట్రోలియం కార్పొరేషన్‌కు, మిగిలిన 61 ఆ రెండూ కలిసి పెట్టిన కంపెనీకి. ఎనభై ఏళ్ల కిందటి ఇనప డబ్బాల కోసం రెండు ప్రభుత్వాలు ఇంత కాలం మాట్లాడుకున్నాయంటే, వాటి విలువ ఇనుములో లేదు, అవి ఉన్న చోటులో ఉంది.

నాలుగో రోజు

నిలావెలి రోడ్డులో యుద్ధ స్మశానం చూసి, పావురాల దీవి దగ్గర నీళ్లలో దిగి, సాయంత్రం కన్నియ వేడినీటి బావుల్లో తలంటుకున్నంత పని చేశాం. స్మశానంలో గడ్డి కత్తిరించి శుభ్రంగా ఉంచారు. రాళ్ల మీద 1942 ఏప్రిల్ తేదీలు వెతికితే దొరుకుతాయి. ఎండ మాడ్చేయడంతో ఆ రోజు గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

ఐదో రోజు: కొట్టియార్ చుట్టి బట్టికలోవాకు

బట్టికలోవా బస్సు కిణ్ణియా వంతెన ఎక్కింది. 396 మీటర్ల ఈ వంతెన 2009లో తెరిచారు. అంతకుముందు ఇక్కడ ఫెర్రీయే గతి. దాటితే కొట్టియార్ దక్షిణపు ఒడ్డు. ఉత్తరాన గుట్టలు, లోతు నీళ్లు ఉంటే, ఇటు అంతా పల్లం: వరి పొలాలు, మడుగులు, మహావెలి పాయలు. రెండు ఒడ్లూ ఒకే అఖాతానివంటే నమ్మబుద్ధి కాదు.

మూదూర్ దగ్గరే 1660లో రాబర్ట్ నాక్స్ అనే ఇంగ్లీషు నావికుడు, విరిగిన తెరచాప స్తంభం బాగుచేసుకోవడానికి ఆగిన ఓడలోంచి దిగి కాండీ రాజు మనుషులకు పట్టుబడ్డాడు. తప్పించుకోవడానికి పందొమ్మిదేళ్లకు పైగా పట్టింది. ఇంకొంచెం తూర్పుకు సాంపూర్. లోపలి రేవుకు ఎదురుగా ఉన్న ఒడ్డు ఇది. 1995 ఏప్రిల్ 19న ఎల్‌టీటీఈ సముద్ర విభాగమైన సీ టైగర్లు ట్రింకోమలీ రేవులోనే రెండు నౌకాదళ ఓడల్ని పేల్చారు. ప్రభుత్వంతో శాంతి చర్చలు దాంతో ముగిశాయి. 2006లో ఎల్‌టీటీఈ మావిల్ ఆరు కాలువ తలుపులు మూయడంతో మొదలైన పోరు ఈ పల్లెల మీదుగానే నడిచింది. సాంపూర్‌లో ఎల్‌టీటీఈ ఫిరంగులు ఉన్నంతకాలం అటు నౌకాదళ స్థావరానికి నిద్ర లేదు. ఆ సెప్టెంబరులో సైన్యం సాంపూర్‌ను తీసుకుంది, అదీ నేల వైపు నుంచే. బస్సులో మా పక్కన కూర్చున్న మూదూర్ పెద్దాయన ఆ ఏడాది ఊరొదిలి నడిచి వెళ్లినవాళ్లలో ఒకరు. ఎక్కువ అడగలేదు, ఆయనా ఎక్కువ చెప్పలేదు.

వెరుగల్ దాటి, వాకరై మీదుగా మధ్యాహ్నానికి బట్టికలోవా చేరాం. కల్లడి బీచ్‌కు ఎదురుగా, తీరానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, యాభై మీటర్లకు పైగా లోతులో 'హెర్మీస్' పడి ఉంది. విమానవాహక నౌకగానే డిజైన్ చేసిన తొలి ఓడల్లో అది ఒకటి. ఏప్రిల్ 8 రాత్రి ట్రింకోమలీ నుంచి బయటికి పంపిన ఓడల్లో అదీ ఉంది, తోడుగా ఆస్ట్రేలియా డిస్ట్రాయర్ 'వాంపైర్'. పొద్దున జపాన్ నిఘా విమానం కళ్లలో పడ్డాయి. 'హెర్మీస్' డెక్ మీద అప్పుడు ఒక్క విమానం లేదు, అన్నీ ఒడ్డున ఉన్నాయి. చైనా బే ఫైటర్ల నీడ కోసం వెనక్కి తిరిగింది కానీ ఆ ఫైటర్లు సమయానికి రాలేదు. ఇరవై నిమిషాలు కూడా పట్టకుండా మునిగిపోయింది. 307 మంది పోయారు. 'వాంపైర్' కూడా మునిగింది. అటుగా పోతున్న 'వీటా' అనే ఆసుపత్రి ఓడ దగ్గరికొచ్చి ఆరువందల మంది దాకా నీళ్లలోంచి ఎత్తుకుంది.

బీచ్‌లో డైవింగ్ కుర్రాడు చెప్పినదాన్ని బట్టి మామూలు సర్టిఫికెట్ ఉన్నవాళ్లను అక్కడికి తీసుకెళ్లరు. 40 మీటర్లు దాటాలంటే వేరే శిక్షణ కావాలి. ఓడ పక్కకు ఒరిగి ఉందట.

మావయ్య ఇసకలో వేలితో తీరం గీశారు. "ఖాళీ చేయమన్నది సరైన ఆర్డరే. కానీ ఎటు పంపాలి? తీరం పక్కనే, ఒక రాత్రిలో చేరే దూరంలో ఆపేశారు. ఎదుటివాడి విమానానికి అది దూరమే కాదు."

"రేవులోనే ఉంచేస్తే?" అన్నాను.

"యుద్ధనౌక 'ఎరెబస్' ఉండిపోయింది కదా, దెబ్బతిన్నా మునగలేదు. 'సగాయింగ్' ఉండిపోయింది, కాలిపోయింది." వేలితో ఆ గీతను ట్రింకోమలీ దాకా లాగి మళ్లీ చెరిపేశారు. "నేనైతే రాత్రే తూర్పుకు, వీలైనంత నడిసముద్రంలోకి పంపేవాణ్ణి అల్లుడూ."

"తూర్పునే కదా మావయ్యా నగుమో ఉన్నది!"

ఆయన కాసేపు ఆలోచించి, పడవ కుర్రాణ్ణి పిలిచి, ఏప్రిల్‌లో ఇక్కడ గాలి ఎటు నుంచి వస్తుందో అడగడం మొదలుపెట్టారు.